మంచం దిగితే మడమ పోటు... ఇంజెక్షన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 32. రెస్టారెంట్‌లో సర్వర్‌ని. రోజుకు పది గంటలు కాళ్ల మీదే ఉంటాను. రెండు నెలలుగా పొద్దున్నే మంచం దిగి అడుగు వేస్తే కుడి మడమలో సూదులు గుచ్చినట్టుంటోంది. నాలుగడుగులు వేశాక తగ్గుతుంది. షిఫ్ట్ చివరికి మళ్లీ మొదలు. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందన్నారు. నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాను. ఇంజెక్షన్‌తో పోతుందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు ప్లాంటార్ ఫేషియైటిస్‌కు సరిపోతున్నాయి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలిలో ఒక గట్టి పట్టీ ఉంటుంది. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే, అది మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ బిగుసుకుంటుంది. లేచి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగుతుంది. ఆ పోటు అందుకే. బ్రేక్‌లో కూర్చుని లేచినప్పుడూ ఇదే జరుగుతుంది. ఎముక పెరిగిందని బెంగ వద్దు. ఏ నొప్పీ లేనివారి ఎక్స్‌రేల్లోనూ అది కనిపిస్తుంది. దాన్ని తీసేయాల్సిన పని లేదు.

మంచం దిగకముందే ఒక పని చేయండి. నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని, వేళ్లను మొదళ్ల దగ్గర పట్టుకుని మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక వైపు లాగండి. రెండో చేత్తో అరికాలు తడిమితే తీగలా బిగిసిన పట్టీ తగలాలి. తగల్లేదంటే ఇంకాస్త లాగాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. బ్రేక్ ముగిసి కుర్చీలోంచి లేచే ముందు ఒక విడత తప్పనిసరి. చాలామంది దీన్ని సాయంత్రం తీరిగ్గా చేస్తారు. మొదటి అడుగుకు ముందు చేయకపోతే సగం ఫలితం పోయినట్టే.

రోజు విడిచి రోజు పిక్కలకు పని చెప్పండి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మూడు సెకన్లలో మడమలు లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించండి. మొదట రెండు కాళ్లతో, 12 చొప్పున మూడుసార్లు. అలవాటయ్యాక ఒంటికాలితో. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు ఎక్కువైతే సంఖ్య తగ్గించండి.

ఇక బూట్లు. తడి నేల మీద జారకూడదని సర్వర్లు కొనే బూట్లలో చాలావాటికి పలుచటి, చదును అడుగే ఉంటుంది. బూటును రెండు చేతులతో పట్టుకుని తడిబట్టలా పిండి చూడండి. సులువుగా మెలితిరిగితే పనికిరాదు. వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ కాదు. జారని అడుగుతో పాటు మడమ చుట్టూ గట్టిదనం, లోపల మెత్తటి ఇన్సోల్ చూసుకోండి. ఇంట్లోనూ వట్టి కాళ్లతో తిరగొద్దు. షిఫ్ట్ అయ్యాక గడ్డకట్టించిన నీళ్ల సీసాను, సాక్స్ వేసుకున్న పాదం కింద 10 నిమిషాలు దొర్లిస్తే హాయిగా ఉంటుంది.

మాత్రల విషయంలో మాత్రం మందలించక తప్పదు. అందరికీ వడ్డించి మీరు తినేది ఆఖర్న. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపుతో వేసుకుంటే పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. నీళ్లు కూడా తాగకపోతే కిడ్నీల మీద భారం పడుతుంది. తిన్నాకే, డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. కానీ పట్టీ తెగే ముప్పుంది, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు పలచబడవచ్చు. పది గంటలు నిలబడేవారికి ఆ మెత్తే ఆధారం. పైవన్నీ మూడు నెలలు మానకుండా చేసి, అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్‌తో దాని గురించి మాట్లాడండి.

మడమను రెండు పక్కల నుంచి నొక్కితే విపరీతమైన నొప్పి, రాత్రి పడుకున్నా ఆగని పోటు, అరికాలు తిమ్మిరి, జ్వరం ఉంటే ఇది వేరే సమస్య కావచ్చు, వెంటనే చూపించుకోండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు పరీక్ష చేయించాలి, షిఫ్ట్ అయ్యేదాకా ఆగొద్దు.