లైట్లకు కోత, కార్డుకు పైసలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గేమింగ్ కంప్యూటర్ గురించే. పరీక్షలు అయిపోగానే ఏటా ఇట్లాగే వస్తాయి. అందుకే ప్రింటర్ల ప్రశ్నలు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది జమ్మికుంట. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న. గేమింగ్ కంప్యూటర్ కోసం ఒక దుకాణంల కొటేషన్ తీస్కున్న. రైజెన్ 7 5700ఎక్స్ 15,500, బీ550 బోర్డు 14,000, లిక్విడ్ కూలర్ 6,500, 16 జీబీ ర్యామ్ ఒక్క స్టిక్కు 9,000, 1 టీబీ జెన్4 ఎస్‌ఎస్‌డీ 6,500, ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 20,000, లైట్ల క్యాబినెట్ 6,000, ఎస్‌ఎమ్‌పీఎస్ 1,900. మొత్తం 79,400. మా బాపు పత్తి పైసలల్ల 65 వేలకు మించి ఇయ్యలేనన్నడు. 1080పీ మానిటర్ ఇంట్ల ఉన్నది. తగ్గిస్తే గేములు సరిగ నడవయేమో అని భయమైతాంది. ఏం తీసెయ్యాలె?

జవాబు: తమ్ముడూ, నీ కొటేషన్ రెండుసార్లు చదివాను. గేములో తెర మీద కనబడే బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు. 79,400లో దానికి పోతున్నది 20,000. అంటే రూపాయికి పావలా. కోత పెట్టాల్సింది మిగతా ముప్పావలాలో. కార్డు జోలికి పోవద్దు. వీలైతే ఇంకో రెండు వేలు దానికే కలపాలి.

ముందు కూలర్ సంగతి. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, అందుకని లిక్విడ్ కూలర్ రాశారు. అది 65 వాట్ల ప్రాసెసర్, దానికి నీళ్ల గొట్టాలు అక్కర్లేదు. నువ్వు రైజెన్ 5 5600 తీసుకో. అదీ 65 వాట్లే, కూలర్ డబ్బాలోనే వస్తుంది. లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఎనిమిది బదులు ఆరు; ఒకేసారి నడిపే పనుల వరుసలు, అంటే థ్రెడ్లు, పన్నెండు ఉంటాయి. గేములకు ఎక్కువ పనికొచ్చే ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) మాత్రం రెండింట్లోనూ 32 ఎంబీయే. నీ స్థాయి కార్డుతో 1080పీలో ఆడితే ముందు అలసిపోయేది కార్డే. ప్రాసెసర్‌కు ఇంకా ఊపిరి మిగిలే ఉంటుంది. రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాడివైతే ఎనిమిది కోర్లే తీసుకోమనేదాన్ని. ఒక్క జాగ్రత్త: 5600 లేదు, 5600జీ ఉంది, రెండూ ఒకటే అంటే ఒప్పుకోకు. జీ రకంలో క్యాష్ 16 ఎంబీయే. ప్రాసెసర్ మీద నాలుగున్నర వేలు, కూలర్ మీద ఆరున్నర వేలు, ఇక్కడే పదకొండు వేలు మిగిలాయి.

భాగాలన్నీ కూర్చునే బోర్డుకు 14,000 పెట్టమనడానికి వాళ్లు చెప్పే కారణం భవిష్యత్తు. కానీ ఈ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, ఏఎమ్4 సాకెట్, 2016లో వచ్చింది, 2022లో దాని స్థానంలో ఏఎమ్5 వచ్చేసింది. కొత్త తరం ప్రాసెసర్లు ఈ బోర్డు మీద కూర్చోవు, ఎంత ఖరీదైన బోర్డు కొన్నా సరే. బీ550లోనే ఎనిమిది వేల మామూలు బోర్డు చాలు. ప్రాసెసర్ పక్కన ఉండే విద్యుత్ భాగాల మీద చిన్న హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకులు) ఉన్నది చూసి తీసుకో, ఎండాకాలం మన దగ్గర గదిలోనే నలభై డిగ్రీలు ఉంటుంది. క్యాబినెట్‌కు మూడు వేలు చాలు, ముందు అద్దం కాకుండా జాలీ ఉన్నదే కావాలి. రంగు లైట్లతో ఒక్క ఫ్రేమ్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల్లో ఒకటి) కూడా పెరగదు. గేములు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ కూడా జెన్4 కాకుండా ఒక తరం పాతదైన జెన్3 తీసుకో. కాగితం మీద సెకనుకు జెన్4 చదివే 7,000 ఎంబీకి జెన్3 చదివే 3,500 ఎంబీ సగమే అనిపిస్తుంది గానీ గేము తెరుచుకునేటప్పుడు ఆ తేడా ఒకటి రెండు సెకన్లకు మించదు. ఇక్కడ ఒక వెయ్యి.

ర్యామ్ 16 జీబీయే ఉంచు, కానీ ఒక్క స్టిక్కు వద్దు, ఎనిమిది చొప్పున రెండు తీసుకో. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజుల్లో ఒక్క గేటే తెరిస్తే వరుస ఎంత దూరం ఉంటుందో నీకు తెలియంది కాదు. ఒక స్టిక్కు ఉంటే డేటాకు ఒక గేటు, రెండుంటే రెండు గేట్లు. ఖర్చు ఇంచుమించు అంతే, కొన్ని గేముల్లో తేడా కంటికే తెలుస్తుంది. బిగించిన తర్వాత బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయించు. చేయకపోతే 3200 స్పీడు ర్యామ్ 2400కో 2666కో నడుస్తూ ఉంటుంది. ఇది మర్చిపోయిన కంప్యూటర్లు నా బల్ల మీదికి నెలకు రెండైనా వస్తాయి. 32 జీబీ ఆలోచన ఇప్పుడు పెట్టుకోకు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి.

ఇక కార్డు. కొటేషన్‌లో ఉత్త ఆర్‌టీఎక్స్ 3050 అని రాశారు. ఆ పేరుతో రెండు కార్డులున్నాయి. 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఇంకొకటి. 6 జీబీ దాంట్లో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు. కోర్లు 2,560 నుంచి 2,304కు, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కు పడిపోయాయి. ఏదిస్తున్నారో రాసివ్వమను. నా మాట వింటే రెండూ వద్దు, ఇంకో రెండు వేలు కలిపి ఆర్‌ఎక్స్ 6600 తీసుకో. 1080పీలో 8 జీబీ 3050 కన్నా స్పష్టంగా ముందుంటుంది, కరెంటు 132 వాట్లే తింటుంది. వెలుగు నీడల్ని నిజంలా చూపే రే ట్రేసింగ్‌లో బలహీనం, తక్కువ పిక్సెళ్ల బొమ్మను పెద్దది చేసి వేగం పెంచే ఎన్‌వీడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఉండదు. అలాంటిదే ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటుంది. కాలేజీ ప్రాజెక్టులో క్యూడా (కార్డుతో లెక్కలు చేయించే ఎన్‌వీడియా సాఫ్ట్‌వేర్) వాడాల్సి వస్తుందంటే మాత్రం ఎన్‌వీడియా కార్డు తప్పదు, అప్పుడు 8 జీబీ 3050 తీసుకో. సీనియర్లను అడిగి ముందే తేల్చుకో.

నీ కాగితంలో నన్ను భయపెట్టింది 1,900 రూపాయల ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె.

మా బాపు కాజీపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. బ్యాటరీల బదులు కరెంటుతో రేడియో నడిపే ఏ ఎలిమినేటర్ కొన్నా ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. లోపల రాగి, ఇనుము ఉన్నదీ లేనిదీ చెయ్యే చెబుతుందనేవాడు. అది తెలిసీ నేను ఒకసారి తప్పు చేశాను. 2017 మే నెలలో హన్మకొండలో ఒక డిగ్రీ పిల్లవాడికి కంప్యూటర్ బిగించాను. పదిహేను వందలు తగ్గించమని బతిమాలితే మనసు కరిగి, పేరూ ఊరూ లేని ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టాను. మూడో వారం సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చింది, వచ్చి మళ్లీ పోయింది. ఎస్‌ఎమ్‌పీఎస్ పేలింది. దాంతోపాటు బోర్డూ కార్డూ పోయాయి. వాళ్లమ్మ కాలిన వాసన కొడుతున్న క్యాబినెట్‌ను ఆటోలో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. బోర్డు నా డబ్బులతో కొనిచ్చాను, కార్డు కొనివ్వలేకపోయాను. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా అక్కడ మాత్రం తగ్గించలేదు.

కాబట్టి అక్కడ 1,900 బదులు 4,500 పెట్టు. 550 వాట్లు, బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పేది), ఐదేళ్ల వారంటీ ఉన్నది అడుగు. నీ కంప్యూటర్ మొత్తం ఆటలో మూడు వందల వాట్లు దాటదు, 750 వాట్లది అమ్మజూస్తే వద్దను. పెట్టె మీద పెద్ద అక్షరాలు నమ్మకు. లేబుల్‌లో 12 వోల్టుల గడి చూసి అందులోని ఆంపియర్లను 12తో గుణించు. బయట 600 వాట్లని రాసి ఆ గడిలో 20 ఆంపియర్లే ఉంటే, కార్డుకూ ప్రాసెసర్‌కూ అందేది 240 వాట్లే.

లెక్క ఇది. ప్రాసెసర్ 11,000, బోర్డు 8,000, ర్యామ్ 9,000, ఎస్‌ఎస్‌డీ 5,500, కార్డు 22,000, క్యాబినెట్ 3,000, ఎస్‌ఎమ్‌పీఎస్ 4,500. మొత్తం 63,000. బాపు చెప్పిన దాంట్లో రెండు వేలు మిగిలాయి, ఆట మొదటి కొటేషన్ కన్నా బాగుంటుంది. ఈ ధరలు వారం వారం కొంచెం అటూ ఇటూ అవుతాయి. జమ్మికుంటలో రైలెక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు దుకాణాలు అడిగితే ఇంకొంచెం దిగవచ్చు. కానీ కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం వారంటీకి ఎవరు తీసుకుంటారో, ఎక్కడికి తేవాలో బిల్లు మీద రాయించుకునే కొను.

ప్రశ్న: మేడమ్, మాది గోదావరిఖని. మా ఆయన బొగ్గు బాయిల పని చేస్తడు. కొడుకు గేమింగ్ కంప్యూటర్ కావాలని నెల రోజుల సంది అడుగుతున్నడు. ఆఫీసుల వాడిన పాత డెల్ కంప్యూటర్ ఇంట్ల ఉన్నది, ఐ5 నాలుగో తరంది. దాంట్లనే కార్డు పెడితే నడుస్తదా?

జవాబు: అక్కా, కార్డు పెడితే నడుస్తుంది, కానీ ఆ పాత దాని మీద పది వేలు పెట్టమని చెప్పలేను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11లో టీపీఎమ్ లేకపోతే తెరుచుకోవు. బాబు ఏ ఆటలు ఆడతాడో ముందు అడగండి.

మీకు తక్కువలో అయ్యే దారి ఒకటుంది. ఆఫీసులు మార్చేసిన ఐ5 ఎనిమిదో తరం కంప్యూటర్లు దొరుకుతాయి. ఐ5 8500లో ఆరు కోర్లు ఉంటాయి. సన్నటి డబ్బా కాకుండా నిలువు టవర్ డబ్బా ఉన్నదే తీసుకోండి, సన్నటి దాంట్లో మామూలు ఎత్తు కార్డు పట్టదు. వీటి ఎస్‌ఎమ్‌పీఎస్ చిన్నది, పిన్నులు కూడా కంపెనీ సొంతవి, బజారులోది తెచ్చి బిగించలేం. కాబట్టి విడిగా కరెంటు వైరు అక్కర్లేని కార్డే పెట్టాలి. పై తమ్ముడికి వద్దన్న 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 మీకు సరిగ్గా సరిపోతుంది. అది 70 వాట్లే, బోర్డు స్లాటు నుంచే తీసుకుంటుంది. ఎనిమిదో తరం దానికి ర్యామ్ రెండు స్టిక్కులు, ఒక ఎస్‌ఎస్‌డీ ఉండేట్టు చూడండి. 1080పీలో సెట్టింగులు మధ్యస్థంగా పెట్టుకుంటే చాలా ఆటలు బాగా ఆడుకోవచ్చు. పాత డెల్‌ను అమ్మకండి. రెండు వేలకు పోతుంది, ఇంట్లో చిన్నవాళ్ల చదువుకు అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: అక్కా, హన్మకొండలో ఒకాయన సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 అమ్ముతున్నడు. మైనింగ్‌ల వాడింది కావచ్చని ఫ్రెండ్స్ అంటున్నరు. కొనొచ్చా?

జవాబు: మైనింగ్ అన్న ఒక్క మాటతో వదిలెయ్యొద్దు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే డిజిటల్ నాణెం పద్ధతి మార్చాక కార్డులతో దాన్ని తవ్వే, అంటే లెక్కలు చేయించి సంపాదించే, పని ఆగిపోయింది, లెక్కలేనన్ని కార్డులు బజార్లోకి వచ్చాయి. రాత్రింబగళ్లు తిరిగి ఫ్యాన్లు అరుగుతాయి, మెమరీ మీది ప్యాడ్లు ఎండుతాయి. ఆ రెండూ మార్చుకోవచ్చు. చిప్పు బాగుంటే కార్డు బాగున్నట్టే.

కొనేముందు ఆయన కంప్యూటర్ మీదే పెట్టించి చూడు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిస్తే 3,584 కోర్లు, 12 జీబీ, 192 బిట్లు కనబడాలి. 8 జీబీ, 128 బిట్లు అని వస్తే అదే పేరు పెట్టుకున్న తక్కువ రకం కార్డు అది. తర్వాత ఇరవై నిమిషాలు బరువైన గేము నడిపించు. తెర మీద చుక్కలు, గీతలు వస్తే లేచి వచ్చెయ్. మామూలు వేడికీ హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడైన చోటు) వేడికీ మధ్య తేడా 25 డిగ్రీలు దాటితే చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన పేస్ట్ ఎండిందని అర్థం, ఆ ఖర్చు ధరలో తగ్గించుకో. కొత్త దాని ధరలో అరవై శాతం దాటితే నేనైతే కొనను. వారంటీ లేని వస్తువుకు అంతకు మించి పెట్టడం సరికాదు.

ప్రశ్న: మాది కరీంనగర్, గ్రానైట్ కటింగ్ ఉన్న దారిలో ఇల్లు. రెండేళ్ల కింద కొన్న గేమింగ్ కంప్యూటర్ ఈ ఎండాకాలం బాగా స్లో అయ్యింది. కొత్త కార్డు వెయ్యాలంటున్నరు.

జవాబు: కార్డు కొనకండి. ముందు మూత తీసి చూడండి. రాతి పొడి హీట్‌సింక్ రేకుల మధ్య గట్టిపడిపోతుంది. గాలి ఆడకపోతే చిప్పులు వేడెక్కి వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. ఫ్యాను రెక్కలు వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్‌తో ఊదించండి, పట్టుకోకుండా ఊదితే రెక్కలు విపరీతంగా తిరిగి ఫ్యాను పాడవుతుంది. తడిబట్ట పెట్టకండి. ప్రాసెసర్‌కు పేస్ట్ మార్పించండి. అన్నీ కలిపినా వందల్లో పని. క్యాబినెట్‌ను నేల మీంచి అడుగు ఎత్తున స్టూలు మీద పెట్టండి, ముందు జాలీకి సన్నటి నెట్ కట్టి నెలకోసారి దులపండి.

ప్రశ్న: 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నం, పాత దానికీ దీనికీ తేడా ఏం కనిపిస్తలేదు. పరకాల నుంచి.

జవాబు: మానిటర్ కేబుల్ వెనకాల ఎక్కడ పెట్టారో చూడండి. బోర్డు పోర్టులో ఉంటే తీసి కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టండి. తర్వాత విండోస్ సెట్టింగుల్లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లో) 60 అని ఉంటుంది. దాన్ని 144 చేయండి. అక్కడ 144 కనబడకపోతే మానిటర్‌తో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ డబ్బాలోనే ఉండిపోయిందేమో వెతకండి.