ఇంటికి వచ్చిన పాప దగ్గర కాలేదని బాధపడుతున్నారా?

ప్రశ్న: మాది హనుమకొండ. మాకు పిల్లలు లేరు. నాలుగు నెలల క్రితం బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో తొమ్మిదేళ్ల పాపను ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా తాత్కాలికంగా పెంచుకోవడం) కింద ఇంటికి తెచ్చుకున్నాము. కన్నతల్లి జబ్బు మనిషి, నెలకోసారి వచ్చి చూసి వెళ్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు పాప నాతో మాట్లాడదు. తినేవి బడిసంచిలో దాస్తుంది, నన్ను అమ్మా అనదు. ‘రేపు వెళ్లిపోయే పిల్లకు ఇంత ఎందుకు’ అంటుంది మా అత్తమ్మ. ఆ తల్లి మీద కోపం, పాప మీద విసుగు వస్తున్నాయి, తర్వాత నా మీద నాకే అసహ్యం కలుగుతోంది. నేను తల్లిని కాలేనా?

జవాబు: విసుగు కన్నతల్లులకూ వస్తుంది, కానీ వాళ్లు దాన్ని బట్టి తమ తల్లితనాన్ని శంకించుకోరు. మీరు మాత్రం రోజూ శంకించుకుంటున్నారు, అందుకే ఇంతగా అలసిపోయారు. తొమ్మిదేళ్లు వేరే ఇంట పెరిగిన పిల్ల మీద నాలుగు నెలల్లోనే ప్రేమ పొంగిరావాలని ఎక్కడా లేదు. వేళకు అన్నం పెట్టడం, జ్వరమొస్తే మేలుకొని ఉండడం, వస్తానన్న సమయానికి బడి గేటు దగ్గర నిలబడడం ముందు జరుగుతాయి, మమకారం నెమ్మదిగా వాటిలోంచే పుడుతుంది.

తిండి దాచడాన్ని దొంగతనంగా చూడకండి. రేపు దొరుకుతుందో లేదో అన్న భయంతో బతికిన పిల్లలు చాలామంది ఇలాగే చేస్తారు. సంచి వెతికి నిలదీయకుండా, చేతికందేచోట ఒక డబ్బాలో సకినాలో పల్లీలో పోసి, అడగకుండానే తీసుకోవచ్చని చెప్పండి, ఆ డబ్బా ఖాళీ కాకుండా చూడండి.

మిమ్మల్ని ఎక్కువగా గాయపరుస్తున్నది కన్నతల్లి రాకపోకలే అనిపిస్తోంది. పాపకు మేలు కాదని సమితి భావిస్తే తప్ప, కన్నవాళ్లు వచ్చి కలిసే వీలును 2015 నాటి బాలల న్యాయ చట్టమే కల్పించింది. తల్లి వెళ్లాక పాప మౌనంగా ఉండిపోవడం మిమ్మల్ని కాదనడం కాదు. అమ్మకు మళ్లీ దూరమైన దుఃఖానికి తోడు, మీతో నవ్వితే అమ్మకు అన్యాయం చేసినట్టవుతుందన్న భయం కూడా ఆ చిన్న మనసులో ఉండవచ్చు. ఆ రోజుల్లో మాట్లాడమని బలవంతపెట్టకండి. అమ్మ గుర్తుకొస్తోందా అని ఒక్కసారి అడిగి, పక్కనే మీ పని చేసుకుంటూ ఉండండి. తల్లి ఫోటో పాప తన పుస్తకాల దగ్గర పెట్టుకోనివ్వండి. మిమ్మల్ని చిన్నమ్మా అని పిలవమనండి. ఆ పిలుపుతో ఎవరి స్థానమూ పోదు, పాప గుండె మీది బరువు కొంత తగ్గుతుంది. వచ్చే బతుకమ్మకు వాళ్ల అమ్మ తంగేడు, గునుగు ఎలా పేర్చేదో పాపనే అడిగి, ఆ తీరుగానే పేర్చండి. ఇదంతా మీకు కష్టమని తెలుసు, అయినా చేయమనే చెబుతాను.

అత్తమ్మతో మాట్లాడవలసింది మీరు కాదు, మీ భర్త. పాప వింటుండగా ‘వెళ్లిపోయే పిల్ల’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదని ఆయన స్పష్టంగా చెప్పాలి. పాప వెనకటి సంగతులు బంధువులకు చెప్పకండి, ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

అయితే అత్తమ్మ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. తల్లి కోలుకుంటే పాప వెళ్లవచ్చు. ఒకే కుటుంబంలో రెండేళ్లు ఉన్న బిడ్డను ఆ కుటుంబం దత్తత కోరే అవకాశాన్ని ఫోస్టర్ కేర్‌పై కేంద్రం తెచ్చిన 2024 మార్గదర్శకాలు ఇచ్చాయి, అంతకుముందు ఆ గడువు అయిదేళ్లు; కానీ దానికి ఆ బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని సమితి ప్రకటించి ఉండాలి. తల్లి వచ్చిపోతున్న ఈ దశలో ఆ ఆశ మీద రోజులు గడపవద్దని ఖండితంగా చెబుతున్నాను. విడిపోవలసి వస్తే మీకు ఏడుపొస్తుంది, రావాలి కూడా. అలాంటి రోజు వస్తే పాపను ఒక్కసారిగా కాక విడతలుగా పంపడం, తర్వాత కూడా కలుసుకోవడం వీలవుతుందా అని అధికారులను ఇప్పుడే అడగండి.

విసుగు సంగతి బయటపెడితే పాపను తీసుకెళ్లిపోతారని చాలామంది దాస్తారు. చట్టం ప్రకారం సమితి నెలనెలా చేయవలసిన పరిశీలన మీకు సాయం అడిగే చోటు కూడా. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు నాకు రాసినదంతా చెప్పి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి మీకూ పాపకూ కౌన్సెలింగ్ ఏర్పాటు చేయమనండి. అంతవరకు ఆగలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పాప మీద చెయ్యి లేచేంత కోపం వచ్చినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి.