మూలరాయి కదలలేదు, మరి స్థానం ఎందుకు కదిలింది?

ప్రశ్న: మధురవాడలోని మా ఖాళీ స్థలం మూలరాయి మీద ఫోన్ పెట్టి మధ్యాహ్నం ఒకసారి, మర్నాడు తెల్లవారుజామున ఒకసారి జీపీఎస్ స్థానం నమోదు చేశాను. రెండింటికీ ఆరేడు మీటర్ల తేడా వచ్చింది. ప్రతిసారీ పావుగంట ఉంచి సగటు తీశాను. లోపం ఫోన్‌దా, ఉపగ్రహాలదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ రెండింటి కంటే, వాటి నడుమ ఉన్న దారిదే ఎక్కువ లోపం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతం మీ ఫోన్‌ను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కకడతారు కనుక, ఆ కాలంలో సెకనులో వందకోట్లవ వంతు పొరపాటు జరిగినా దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఎండ వల్ల విద్యుదావేశం పొందిన కణాలుండే ఐనోస్ఫియర్ అనే పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. ఈ ఆలస్యం మధ్యాహ్నం వేళ హెచ్చుగా, తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో దీని ప్రభావం మరీ ఎక్కువ. ఉపగ్రహమే పంపే సవరణ సూత్రం ఇందులో దాదాపు సగమే తొలగిస్తుంది. ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాలనూ అందుకునే ఫోన్ అయితే, వాటి ఆలస్యాలు వేరువేరుగా ఉంటాయి కనుక, ఆ తేడాను బట్టి అసలు ఆలస్యాన్ని కొలిచి తీసివేయగలదు.

ఇక సగటు సంగతి. అటూ ఇటూ ఊగిసలాడే లోపాన్నే సగటు తగ్గిస్తుంది. ఐనోస్ఫియర్ ఆలస్యం పావుగంటలో పెద్దగా మారదు కాబట్టి, మీరు తీసిన సగటులో ఆ తప్పు అలాగే మిగిలిపోయింది. పక్కన ఎత్తయిన అపార్ట్‌మెంటు ఉంటే దాని గోడకు తగిలి వచ్చే సంకేతం మరో చిక్కు. జీపీఎస్ ఉపగ్రహాలు రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా ఆకాశంలో అదే చోటికి వస్తాయి. అందువల్ల మర్నాడు అదే వేళకు కొలిస్తే గోడ తెచ్చే తప్పు కూడా ఇంచుమించు అలాగే తిరిగి వచ్చి, రెండు కొలతలూ కలిశాయన్న భ్రమ కలిగిస్తుంది. వేరువేరు వేళల్లో కొలవడమే మేలు. ఆ పని మీరు తెలియకుండానే చేశారు.

హద్దుల విషయంలో మాత్రం ఏ ఫోన్‌నూ నమ్మవద్దని నా సలహా. సర్వేయర్లు వాడే ఆర్‌టీకే పద్ధతిలో, స్థానం ముందే తెలిసిన బిందువు వద్ద ఒక రిసీవరు, మీ రాయి వద్ద మరొకటి ఏకకాలంలో కొలుస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్లా ఆలస్యం దాదాపు ఒకటే కాబట్టి తీసివేతలో అది పోయి, సెంటీమీటర్ల స్థాయి ఖచ్చితత్వం దక్కుతుంది. గోడ వల్ల వచ్చే తప్పు మాత్రం ఆ తీసివేతలోనూ పోదు. కనుక కొలత మొదలుపెట్టే ముందు, తెలిసిన మరో బిందువు మీద పరికరాన్ని సరిచూసి చూపించమని సర్వేయరును అడగండి.