డ్రైవింగ్ క్లాసులు మధ్యలో ఆగిపోయాయి... కట్టిన ఫీజు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కారు నేర్చుకుందామని ఊళ్లోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రూ.8,000 ఒకేసారి ఫోన్‌పేలో కట్టాను. రోజుకు అరగంట చొప్పున 20 క్లాసులు, ఎల్ఎల్ఆర్, లైసెన్సు పని అన్నీ అందులోనే అన్నారు. ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఏడు క్లాసులయ్యాక నేర్పే ఆయన మానేశాడు. ‘కొత్తాయన వస్తడు, రెండ్రోజులాగండి’ అంటూ ఐదు వారాలు తిప్పారు. ఇంతలో నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మిగతా పైసలు అడిగితే ‘రసీదు మీద రాసే ఉంది కదమ్మా, కట్టిన ఫీజు వాపస్ రాదు’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: రసీదు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. క్లాసు అయిన ప్రతిరోజూ మీతో ఏదైనా రిజిస్టర్లో సంతకం పెట్టించారా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం డ్రైవింగ్ స్కూలు నడపాలంటే రవాణా శాఖ నుంచి ఫారం 11లో లైసెన్సు ఉండాలి. చేరినవాళ్ల పేర్లు ఫారం 14లో ఎక్కించాలి. ఒక్కొక్కరు ఎన్ని గంటలు బండి నడిపారో ఫారం 15లో రాయాలి. అందులో తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ రకం బండి, నేర్పినవారి సంతకం, నేర్చుకున్నవారి సంతకం అని గడులుంటాయి. మీరు తీసుకున్నవి ఏడే అని చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు. అందుకే కొన్నిచోట్ల మొదటిరోజే ‘ఫార్మాలిటీ అమ్మా’ అంటూ ఖాళీ పేజీలో ఇరవై వరసలకూ సంతకాలు చేయించేస్తారు. మీ విషయంలో అలా జరిగి ఉంటే దాచకండి, స్కూలుకు పంపే నోటీసులోనే ఆ మాట రాసేయండి. సంతకాలు ముందే తీసుకున్నారని తర్వాతెప్పుడో చెబితే కల్పించినట్టుంటుంది. రోజూ ‘ఇవ్వాళ క్లాసుందా?’ అని మీరు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, ‘రేపు చూద్దాం’ అన్న వాళ్ల జవాబులు అప్పుడు మిమ్మల్ని ఆదుకుంటాయి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ముందు ఆ చాట్‌ను భద్రం చేసుకోండి.

ఇంకొకటి. కారు వంటి నాన్‌ట్రాన్స్‌పోర్టు బండికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు అని 31వ నిబంధన. అరగంట చొప్పున ఇరవై క్లాసులంటే సరిగ్గా పది గంటలు. అంటే గంటల లెక్కలో మీకు అమ్మిన ప్యాకేజీయే చట్టం చెప్పిన కనీసం. అందులో మీకు అందింది మూడున్నర గంటలు. ‘శిక్షణ పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం, గొడవెందుకు’ అని ఫారం 5 చేతిలో పెట్టబోతే తీసుకోవద్దు. తీసుకున్నారంటే కోర్సు పూర్తయిందని మీరే ఒప్పుకున్నట్టు వాదిస్తారు.

ఇక రసీదు. ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చేసినంత మాత్రాన, ఇవ్వని క్లాసులకు డబ్బు ఉంచుకునే హక్కు ఎవరికీ రాదు. చెప్పిన సేవ చేయకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) కింద సేవాలోపం. లోపమున్న సేవను ఆపేసి, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదును ఈ రెండింటి మీదే నిలబెట్టండి. నెట్‌లో దొరికే నమూనా చూసి ‘ఇది అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయాలి’ అని రాసేవాళ్లున్నారు. ఆ అధికారం రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.

ఉద్యోగం సంగతి జాగ్రత్త. ‘నేను హైదరాబాద్ వెళ్తున్నాను, డబ్బులివ్వండి’ అని మీరు ఇప్పటికే మెసేజ్ పెట్టి ఉంటే, మీ అంతట మీరే మానేశారని వాళ్లంటారు. దాచమనడం లేదు, తేదీలు వరసగా రాయండి: ఫలానా రోజు ఏడో క్లాసు, ఫలానా రోజు నుంచి నేర్పేవారు లేరు, ఫలానా తేదీల్లో అడిగాను, ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. అప్పుడు తప్పు ఎటువైపు మొదలైందో వాళ్లకూ తెలుస్తుంది, కమిషన్‌కూ తెలుస్తుంది. స్కూలు సక్రమంగా నడుస్తుండగా మీ వీలు కోసమే మానేసి ఉంటే కేసు ఇంత గట్టిగా ఉండేది కాదు. అప్పుడు కూడా మొత్తం మింగేయడం కుదరదు, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం సమంజసమైన పరిహారమే వాళ్లకు దక్కుతుంది. కాకపోతే కొంత కోతకు మీరు సిద్ధపడాల్సి వచ్చేది.

ఎంత అడగాలి? రూ.8,000లో లైసెన్సు పనికి ఎంత, శిక్షణకు ఎంత అన్నది విడగొట్టి చెప్పమని రాతపూర్వకంగా అడగండి. లైసెన్సు పనికి రూ.2,000 అన్నారనుకుందాం. శిక్షణకు మిగిలింది రూ.6,000, క్లాసుకు రూ.300. ఏడింటికి రూ.2,100 పోను రూ.3,900 మీకు రావాలి. ఆ రూ.2,000లో ఎల్ఎల్ఆర్ కోసం ప్రభుత్వానికి కట్టింది తిరిగి రాదు. పక్కా లైసెన్సు పరీక్షకు ఇంకా ఏమీ కట్టకపోతే ఆ భాగం కూడా అడగొచ్చు. ‘కట్టేశాం’ అంటే చలానా చూపమనండి. ఎల్ఎల్ఆర్ మీ పేరు మీద ఉంది, ఆరు నెలలు చెల్లుతుంది. దాన్ని ఆపిపెట్టే హక్కు స్కూలుకు లేదు. దాంతోనే హైదరాబాద్‌లో ఇంకోచోట నేర్చుకోవచ్చు.

నోటీసు ఒక పేజీ చాలు. చెల్లింపు తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు, తీసుకున్న క్లాసులు, పై లెక్క, 15 రోజుల గడువు రాయండి. బోర్డు మీది స్కూలు పేరు, యజమాని పేరు రెండూ ఉండాలి. ఫోన్‌పే డబ్బు చాలాసార్లు యజమాని సొంత ఖాతాకే పోతుంది, రేపు ‘స్కూలుకు రాలేదు’ అనకుండా ఇది పనికొస్తుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, రసీదు, డెలివరీ అయినట్టు రుజువు దాచండి. అదే నోటీసు వాట్సాప్‌లోనూ పంపండి.

గడువు నడుస్తుండగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. వాళ్లు ఆదేశాలివ్వలేరు, కానీ ఇంత మొత్తానికి చాలామంది అక్కడే దిగివస్తారు. స్కూలు లైసెన్సు ఇచ్చిన రవాణా శాఖ అధికారికి కూడా రాయండి. డబ్బు ఇప్పించే అధికారం ఆయనకు లేదు. కానీ నిబంధనలు తప్పిన స్కూలు లైసెన్సును 28వ నిబంధన కింద నిలిపేయగలరు, రద్దు చేయగలరు. అసలు ఫారం 11 ఉందో లేదో రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోవచ్చు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సివిల్ గొడవ అంటారు, ఈ కేసులో ఆ మాట సబబే. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని మీ వివరాల్లో ఎక్కడా కనబడదు.

ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. స్కూలు మిర్యాలగూడలో ఉంది కనుక జిల్లా కేంద్రం నల్గొండలో వేయొచ్చు. లేదా మీరిప్పుడు ఉంటున్న, ఉద్యోగం చేస్తున్న హైదరాబాద్‌లోనూ వేయొచ్చు, చట్టం ఆ వీలిచ్చింది. మీరు స్కూలుకు కట్టింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, నోటీసు, చాట్ ప్రింట్లు జతచేయండి. చాట్ ప్రింట్లకు, అవి ఫోన్‌లోని చాట్‌కు సరైన నకళ్లేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ పెడితే మంచిది. ఫారం 14, 15 రిజిస్టర్లు తెప్పించమని విడిగా ఒక దరఖాస్తు వేయండి. రిజిస్టరే రాయని స్కూలుకు ఆ ఆదేశం వస్తే రాజీ మాటలు మొదలవుతాయి. ఎదుటివారు జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. మీరు ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మానసిక వేదనకు లక్ష రూపాయలు అడగకండి. రూ.3,900 కేసులో అది నవ్వులపాలవుతుంది.

కమిషన్ వద్దనుకుంటే మిర్యాలగూడ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో ప్రీ-లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోరే) దరఖాస్తు ఇవ్వొచ్చు. పైసా ఖర్చు లేదు, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. అయితే ఇద్దరూ ఒప్పుకుంటేనే.

ఎక్కడ తెగినా, ‘పూర్తి మొత్తం ముట్టింది, ఇక క్లెయిమ్ లేదు’ అనే కాగితం మీద డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్ చూశాకే సంతకం పెట్టండి. ‘సాయంత్రం వేస్తం, ముందు సంతకం చేయండి’ అంటే సాయంత్రమే చేస్తానని చెప్పండి.