ఎర్ర బటన్ పెడితె గిరాకి పెరుగుతదా?

ప్రశ్న: అక్కా, మాది వరంగల్ కొత్తవాడ, ఇంట్ల దర్రీలు నేస్తరు. ఆన్‌లైన్ల అమ్ముదామని సైట్ చేయిపిస్తున్న. డిజైనర్ ఏమో బ్యాక్‌గ్రౌండ్ మొత్తం నలుపు పెడితె రిచ్‌గ ఉంటది, కొనే బటన్ ఎరుపు పెడితె ఎక్కువమంది నొక్కుతరు అంటుండు. మా బాపు ఏమో కొత్త దుకాణానికి నలుపేందిరా అని ఒకటే గులుగుడు. ఇంకోటి, వాట్సాప్ల ఫోటో చూసి కొన్నోళ్లు రంగు వేరే వచ్చిందని వాపస్ పంపుతున్నరు. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్ముడూ, బాపు చెప్పే కారణం వేరే గని నలుపు వద్దన్నది మాత్రం కరెక్టే.

ఇది నేతోళ్లకు పాత తలనొప్పే. పారిస్ల గోబెలిన్స్ అని పెద్ద నేత కార్ఖానా ఉన్నది, అండ్ల అద్దకం పని చూసుకునే షెవ్రూల్ అనే కెమిస్ట్ దగ్గరికి నల్ల దారం నల్లగ కనిపిస్తలేదని కంప్లైంట్లు వచ్చినయి, ఆయన పరీక్ష చేసి చూస్తె రంగుల ఏ లోపం లేదు, పక్కన నేసిన నీలం ఊదా దారాల వల్లనే నలుపు వెలిసినట్టు కొడుతున్నది. దీని మీద 1839ల పెద్ద పుస్తకమే రాసిండు. నీ దగ్గర అది ఉల్టా అయితది. ఎర్ర దర్రీని నల్ల పేజీ మీద పెడితె నిప్పు లెక్క మెరుస్తది, అదే వాళ్లింట్ల తెల్ల టైల్స్ మీద పరిస్తె డల్ కొడతది, ఇగ మోసం చేసిండ్రు అనుకుంటరు. తెలుపో, లేత బూడిద రంగో పెట్టు, చాలు.

సగం వాపస్‌లు ఫోటో కాడనే ఆగుతయి. ట్యూబ్‌లైట్ కింద తియ్యకు. పొద్దుగాల దర్వాజ కాడ నీడల పరిచి, అంచుకు ఒక తెల్ల కాగితం పెట్టి తియ్యి, ఫోటోల కాగితం పసుపుపచ్చగనో నీలంగనో పడిందంటె దర్రీ రంగు గూడ తప్పు పడ్డట్టే, కాగితం తెల్లగ అయ్యేదాక సరిజేసి తర్వాత దాన్ని కట్ చేసెయ్. ఫిల్టర్లు అసలే వద్దు. ఫోటోను నీ ఫోన్ల ఒక్కదాంట్లనే చూసి ఖుష్ కాకు, బాపు ఫోన్ల గూడ చూడు, కొన్ని ఫోన్లు రంగులు పెంచి చూపిస్తయి, రాత్రి మోడ్ ఆన్ ఉంటె అన్నీ పసుపుపచ్చగనే. ఇగ ఉత్త 'రెడ్' అని రాసి ఊకోకు, చపాటా మిర్చి ఎరుపా, ఇటుక ఎరుపా, కుంకుమా? ఎనుమాముల మార్కెట్ల కొనేటోడు బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు మిర్చి తీసి రంగు చూసినంకనే రేటు మాట్లాడుతడు, తాలు, అంటె రంగు వెలిసిన కాయ, కనపడితె రేటు పడ్డట్టే. నీ గిరాకికి ఆ చెయ్యి లేదు గదా, మాటలల్లనే చూపియ్యాలె.

బటన్ సంగతి. 2011ల అమెరికాల హబ్‌స్పాట్ అనే మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఒక టెస్ట్ ముచ్చట రాసిండ్రు, ఆకుపచ్చ బటన్ కన్న ఎర్రదాన్ని 21 శాతం ఎక్కువ నొక్కిండ్రు అని. మీ డిజైనర్ చెప్పేది గిసొంటిదే అయి ఉంటది. కాని ఆ పేజీ నిండ అప్పటికే ఆకుపచ్చ ఉండె, అందుకే ఎరుపు కండ్లల్ల పడ్డది. తంగేడు పూల వరస మధ్యల ఒక్క ఎర్ర బంతి పెడితె చూపు దాని మీదికే పోతది, అన్నీ ఎర్రవే పెడితె ఏది చూస్తవ్? నీ పేజీ నిండ ఎర్ర దర్రీలే కాబట్టి నీకు ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో మంచిగుంటది, దాని మీద తెల్లక్షరాలు. ఆ రంగు ఇంకెక్కడ వాడకు.

ప్రశ్న: మేడమ్, మాది జమ్మికుంట, చీరల పేజీ. స్టాక్ ఉన్నదానికి ఆకుపచ్చ చుక్క, అయిపోయినదానికి ఎర్ర చుక్క పెట్టినం. అయినా అయిపోయిన చీరలకే ఆర్డర్లు వస్తున్నయి.

జవాబు: కొంతమందికి, ముఖ్యంగ మగవాళ్లల్ల, ఎరుపు ఆకుపచ్చ తేడా తెల్వదమ్మా. అది ఉన్నట్టు వాళ్లకే తెల్వకుంట బతికేటోళ్లు గూడ ఉంటరు. చుక్క పక్కన 'అయిపోయింది' అని రాయి, ఆ చీర కొనే బటన్ తీసెయ్.