నా పరిశోధన అంతా వీడియోల్లోనే ఉంది, జర్నల్లో పేపర్‌గా వేసుకుంటారా?

వేసుకుంటారు. నాది వేసుకున్నారు. మూడేళ్లు పట్టింది, అది వేరే సంగతి.

మీ దగ్గర 40 గంటల వీడియో ఉందనీ, "ఇదంతా ఎవరు చూస్తారు, ఈ వీడియోలు కొత్త ఫ్యాషన్, నాలుగు ఇంటర్వ్యూలు చేసి థీమ్స్ రాసెయ్" అని గైడ్ అంటున్నారనీ రాశారు. మా గైడ్ అయితే ఇంకో మెట్టెక్కి "యూట్యూబ్ చానెల్ పెడతావా ఏంటి" అన్నారు. కొత్త ఫ్యాషనేంటండీ? గ్రెగరీ బేట్సన్, మార్గరెట్ మీడ్ అనే మానవశాస్త్రవేత్తలు 1936లో బాలి ద్వీపానికి వెళ్లి దాదాపు 25,000 ఫోటోలు, 22,000 అడుగుల ఫిల్ము తీశారు. 1942లో పుస్తకం వేసినప్పుడు అన్ని ఫోటోల్లోంచి 759 ఏరి పెట్టారు. మన గైడ్లు పుట్టకముందు సంగతి. అందులో నేర్చుకోవాల్సింది ఆ ఏరడమే. 40 గంటల్ని ఏ జర్నలూ వేయదు, 40 సెకన్లు వేస్తుంది.

నాది 38 సెకన్లు.

పోచంపల్లి వైపు ఒక ఊళ్లో, ఇక్కత్ చీరకు ఆసు పోయడం అత్త దగ్గర కోడలు ఎలా నేర్చుకుంటుందన్నది నా అంశం. చూడనివాళ్ల కోసం చెప్తున్నా. అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్రం ముందు కూర్చుని, నూలును అటూ ఇటూ ఆ మేకులకు చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరుగుతుంది, భుజం పడిపోతుంది. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి పడే ఈ బాధ చూడలేకే ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను వెళ్లేసరికి ఆ ఊళ్లో చేత్తో పోసే ఇళ్లు రెండో మూడో మిగిలాయి.

ఇంటర్వ్యూలో పెద్దమ్మది, అంటే ఆ అత్తది, ఒకటే మాట. "నేనేం నేర్పలే బిడ్డా, సూసుకుంట సూసుకుంట అదే నేర్చుకుంది." కోడలూ అదే మాట. మా గైడ్ చెప్పినట్టు ఇంటర్వ్యూలతో సరిపెట్టి ఉంటే, "ఇక్కడ నేర్పడం అనేది లేదు" అని రాసి పట్టా పుచ్చుకునేదాన్ని. వీడియోలో ఏముందంటే, కోడలు ఒక మేకు వదిలేస్తుంది. పెద్దమ్మ నోరు మెదపదు. రెండు వేళ్లతో కోడలి మోచేతిని అంగుళమో రెండంగుళాలో కిందికి దించుతుంది. కోడలు ఆ మేకును చూడదు, ముందు అత్త మొహం చూస్తుంది, అత్త కళ్లు ఎటు తిరిగితే అటు చెయ్యి పోతుంది. మొత్తం 38 సెకన్లలో వినపడే మాట "ఊఁ" ఒక్కటే. నేర్పలేదట!

ఇది పట్టుకుని మొదటి జర్నల్‌కు పంపాను. క్లిప్పులను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనపడేలా, పెట్టి లింకు ఇచ్చాను. అది నా తప్పే, మీరు చేయకండి. యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబరు) కూడా వస్తుంది, ఎవరు చూడాలో మీరే నియంత్రించుకోవచ్చు. ఏడు నెలలకు రివ్యూలు వచ్చాయి. ఒకాయన "ఒకే కుటుంబమా, శాంపిల్ చాలదు" అన్నాడు. రెండో ఆయన "జతచేసిన వీడియోలు బాగా ఉపయోగపడ్డాయి" అని మెచ్చుకుని మరీ తిరస్కరించాడు. వెళ్లి చూద్దును కదా, వ్యూస్ 1. ఆ ఒక్కటీ నాదే.

అప్పుడు అర్థమైంది, లింకు ఎవరూ నొక్కరు. ఎవ్వరూ. కరెంటు పోయినా, లింకు చచ్చినా కాగితం మీద నిలబడేలా పేపర్ ఉండాలి. ఆరు స్టిల్స్, వాటి కింద సెకన్లతో సహా ట్రాన్‌స్క్రిప్ట్. ఎలాన్ అని నైమేగెన్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. మాటకొక వరస, చేతికొక వరస, చూపుకొక వరస పెట్టుకుని ఒక్కో సెకనూ గుర్తించుకోవచ్చు. సంభాషణల్ని కాగితం మీద పెట్టడానికి పరిశోధకులు తయారుచేసిన గుర్తులున్నాయి: మాటలకు గెయిల్ జెఫర్సన్ గుర్తులు, చేతులకూ చూపులకూ లోరెంజా మొండాడా పద్ధతి వాడండి. రివ్యూయర్ ఆ గుర్తులు చూడగానే "ఈ అమ్మాయి ఏదో పద్ధతిగానే చేసింది" అనుకుని సగం మెత్తబడతాడు. ఇందులో నాకు అనుమానమే లేదు.

తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్ పెడితే మాత్రం ప్రూఫుల (అచ్చుకు ముందు సరిచూడమని పంపే పేజీల) దగ్గర కాచుకుని కూర్చోండి. నాకు వచ్చిన మొదటి ప్రూఫులో ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి లేచొచ్చి పక్కన కూర్చున్నాయి. నాలుగుసార్లు తిప్పి పంపాను. చివరికి "తెలుగు లైను తీసేసి రోమన్‌లో ఉంచుదామా" అని మర్యాదగా అడిగారు. ఉంచనన్నాను. 8,000 పదాల పరిమితిలో మూడు లైన్ల (తెలుగు, రోమన్, ఇంగ్లిష్ అనువాదం) ట్రాన్‌స్క్రిప్టును కూడా లెక్కవేయడం ఇంకో అన్యాయం. ఇంగ్లిష్‌లో మాట్లాడే మనుషుల మీద పరిశోధన చేసేవాడికి ఒక్క లైను సరిపోతుంది. మనకు మూడు. చోటు మాత్రం ఇద్దరికీ ఒకటే.

పేపర్ లేకపోతే థీసిస్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. ఆ షరతును యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో తీసేసింది, మీ యూనివర్సిటీ సొంత నియమం ఏముందో కనుక్కోండి. వాట్సాప్‌లో "3 రోజుల్లో పబ్లికేషన్" అని మెసేజ్ పెట్టేవాళ్లకు మాత్రం డబ్బు కట్టకండి.

రెండో జర్నల్ తీసుకుంది. ఒక్కటే షరతు, మొహాలు కనపడకూడదు. బ్లర్ చేసి చూశాను. కోడలు అత్త కళ్లలోకి చూడటమే నా పేపర్, ఇప్పుడు అక్కడ రెండు మసక ముద్దలు ఉన్నాయి. పైగా నేను తీసుకున్న అంగీకార పత్రంలో "చదువు కోసం వాడుకుంటాం" అని ఒకే వాక్యం. రికార్డింగుకు ఒప్పుకోవడం వేరు, సెమినార్లో చూపించడం వేరు, ఫోటో అచ్చు కావడం వేరు, నెట్‌లో ఎప్పటికీ ఉండిపోవడం వేరు. ఒక్కోదానికీ విడిగా అడగాలి. అడగలేదు కాబట్టి రెండేళ్ల తర్వాత మళ్లీ బస్సెక్కాను.

ల్యాప్‌టాప్‌లో బ్లర్ చేసిన స్టిల్ చూపించాను. పెద్దమ్మ దగ్గరికి జరిగి చూసి, "మొకం ఎందుకు చెరిపేసినవ్? నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అంది. వాళ్ల రూలు అలా ఉంది పెద్దమ్మా, నీ మంచికే అన్నాను. "నా మొకం లేకుంటే ఇది నా పని అని ఎవలకు తెలుస్తది?" నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మొహం చూపించమని ఆమే అడుగుతోందని, వేలిముద్రతో సహా ఎడిటర్‌కు రాశాను. సానుభూతితో కూడిన పెద్ద జవాబు వచ్చింది, సారాంశం కుదరదని.

చివరికి ఒక ఫైన్ ఆర్ట్స్ స్టూడెంటు చేత స్టిల్స్‌ను గీతల బొమ్మలుగా వేయించాను. బొమ్మకు 300, ఆరింటికి 1,800. చూపు నిలబడింది, మొహం గుర్తుపట్టరు. ముగ్గురు రివ్యూయర్లు, ఎడిటర్, నేను, అందరం బాగున్నాయి అనుకున్నాం. పేపర్ వచ్చింది.

ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే, కోడలు నాలుగో బొమ్మ మీద వేలు పెట్టి నవ్వింది. "అక్కా, బొటనేలు గిట్ల పెడ్తే నూలు తెగుతది." పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "గిది ఎవరో ఆసు రానామె" అని కాగితం నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి వీడియో ఆపి చూశాను. వీడియోలో నూలు బొటనవేలి మీదుగా జారుతోంది. బొమ్మ వేసిన పిల్లాడు పెన్ను పట్టుకున్నట్టు వేశాడు. సవరణ వేయమని జర్నల్‌కు రాశాను. తీర్మానాలను ప్రభావితం చేసే పొరపాటు కాదు కాబట్టి అవసరం లేదన్నారు. ఆ బొటనవేలు ఇంకా అలాగే ఉంది. మీరు బొమ్మలు వేయిస్తే, జర్నల్‌కు పంపేముందు ఒకసారి వాళ్లకు చూపించండి.