బరువు తగ్గితేనే లేజరా?

ప్రశ్న: నా వయసు 46, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. రెండు కాళ్లకీ వెరికోస్ వెయిన్స్ (ఉబ్బిన సిరలు) ఉన్నాయి, సాయంత్రానికి పాదాలు వాచిపోతాయి. లేజర్ చేయించుకుందామంటే, లావుగా ఉన్నవాళ్లకి పని చేయదని ఎవరో అన్నారు. ముందు బరువు తగ్గాలా డాక్టర్ గారూ?

జవాబు: పని చేయదన్నది తప్పండీ. లేజర్ అయినా రేడియో ఫ్రీక్వెన్సీ అయినా పాడైన సిరని లోపల్నుంచి వేడితో మూసేస్తుంది, ఆ పని లావుగా ఉన్నవాళ్లలోనూ బాగానే జరుగుతుంది. తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైతే కడుపులో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి గుండెకి పైకెక్కాల్సిన రక్తానికి అడ్డు పడుతుంది, అందుకే సిర మూసుకున్నా కాళ్లు బరువుగా అనిపించడం, వాపు పూర్తిగా పోకపోవచ్చు, కొన్నాళ్లకి కొత్త సిరలూ ఉబ్బొచ్చు. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువుని చూసే లెక్క, దాదాపు 37. అది 35 దాటినవాళ్లకి ఉపశమనం కాస్త తక్కువగానే ఉంటుంది. రక్తం గడ్డకట్టే ముప్పు కూడా కొంచెం ఎక్కువ కాబట్టి చికిత్స అయిన రోజే లేచి నడవాలి.

అలాగని 20 కిలోలు తగ్గేదాకా ఆగమని నేను చెప్పను. చీలమండ దగ్గర చర్మం నల్లబడినా, పుండు పడినా అసలు ఆగకూడదు. ముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించుకోండి. రోజూ నడవండి, పిక్క కండరమే కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టే పంపు. వెరికోస్ వెయిన్స్‌కి వేసుకునే బిగుతు సాక్స్ మాత్రం కొలత తీయించుకునే కొనండి, తొడ దాకా ఉండేవి మీకు జారి ముడతపడి ఒరుసుకుంటాయి, మోకాలి కింది దాకా ఉండేవి చాలు.